పెద్దాయన వెతికిన ఒక్క మాట

మా ఆఫీసులో ఆవిణ్ణి అందరూ సూదమ్మ అంటారు. గడ్డివాములో సూది పడిందంటే చాలు, అందరిలా గడ్డి పీకుతూ కూర్చోదు. పోగొట్టుకున్నవాళ్ళు ఏ మూల కూర్చుని ఏం కుడుతున్నారో అడిగి, నేరుగా అక్కడికే వెళ్ళి తీసుకొస్తుంది. ఆ పేరు పెట్టింది నేనే. పెట్టినందుకు ఆవిడ కోప్పడలేదు. కోప్పడేంత చనువు ఆవిడకి ఎవరితోనూ లేదు.

మాది ఆన్‌లైన్ రెఫరెన్స్ లైబ్రరీ. లైబ్రరీ అన్నమాటే గానీ గడప తొక్కేవాడుండడు. నిఘంటువులు, విజ్ఞాన సర్వస్వాలు, పటాలు, బొమ్మలు, పాత పత్రికలు అన్నీ కంప్యూటర్లోనే ఉంటాయి. చదివేవాళ్ళు వాళ్ళ ఇళ్ళలో ఉంటారు. మేం కొద్దిమందిమి ఒక పాత మేడ రెండో అంతస్తులో, కళ్ళజోళ్ళ దుకాణం నెత్తిన కూర్చుని ఉంటాం. పాత పత్రికలు స్కాన్ చేసి, ఏ వార్త దేని గురించో నాలుగు ముక్కలు తగిలించడం నా పని. పక్క బల్ల సూదమ్మది. ‘లైబ్రేరియన్‌ని అడగండి’ అని తెర మీద ఒక బొత్తాం ఉంటుంది. ఎంత వెతికినా దొరకనివాళ్ళు దాన్ని నొక్కి ప్రశ్న రాస్తే, ఆవిడ జవాబు రాస్తుంది. జవాబు కింద పేరుండదు, ‘సహాయ విభాగం’ అని మాత్రం ఉంటుంది. అది మా రూలు.

లోకంలో సగం మందికి వెతకడం రాదు. ఈ మాట నేను ఎక్కడైనా చెబుతాను. వెతికే పెట్టెలో ఒకాయన “గొడుగును మొట్టమొదట ఎవరు కనిపెట్టారో, ఎందుకు కనిపెట్టారో దయచేసి త్వరగా తెలుపగలరు” అని అర్జీ రాస్తాడు. కంప్యూటర్ ‘దయచేసి’ని కూడా వెతుకుతుంది. వేలకు వేలు వచ్చి పడతాయి. కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే అదే, పైగా ఇక్కడ ఎలుక కూడా దొరకదు. నేనైతే అలాంటివాళ్ళని నాలుగు దులిపేసి ఉందును. సూదమ్మ దులపదు. “మీ మనసులో ఉన్న ప్రశ్న రాయకండి. ఆ సంగతి రాసినవాళ్ళు ఏ మాటలు వాడి ఉంటారో అవి రాయండి. గొడుగు, చరిత్ర. రెండు చాలు. దొరికిన వ్యాసం చివర ‘ఇవి కూడా చూడండి’ అని ఉంటుంది, అది పట్టుకుని ముందుకు వెళ్ళండి” అని ఓపిగ్గా రాస్తుంది. అవతలివాళ్ళు ఆ తీగ లాగుతారు, డొంకంతా కదులుతుంది. ఆ తర్వాత వాళ్ళకి ఈవిడతో పనుండదు. మంచి జవాబుకి దక్కే ఫలితం అదే మా దగ్గర.

సూదమ్మ భర్త పోయి చాలా ఏళ్ళయింది. పిల్లల్లేరు. తమ్ముడున్నాడు. ఉన్నాడని చెప్పుకోవడానికి ఉన్నాడు. ఆవిడ అద్దెకుండేది ఒక లాండ్రీ మీది గదిలో. కింద ఇస్త్రీ పెట్టెల ఆవిరికి ఆ గోడలు ఎప్పుడూ చెమ్మగా ఉంటాయి. కిటికీ తెరిస్తే పక్కింటి గోడ. ఆవిడకి జ్వరం వచ్చినప్పుడు ఒకసారి మందులివ్వడానికి వెళ్ళాను. “కూర్చోండి అన్నయ్యా” అని ఉన్న ఒక్క కుర్చీ నాకు లాగి, తను గోడకి ఆనుకుని నిలబడింది. ఒంట్లో ఓపిక లేదు, నిలబడే ఉంది. రెండో కుర్చీ అవసరం ఎప్పుడూ రాలేదట. నేను మందులు బల్ల మీద పెట్టి, లేని పని ఒకటి చెప్పి వచ్చేశాను. అంత ఒంటరితనం మధ్యలో కూర్చోవడం నా వల్ల కాలేదు.

అలాంటి మనిషికి ఒక పొద్దున ఈ ప్రశ్న వచ్చింది: “పైన తిరుగుతుంది. గాలి వస్తుంది. పేరు?”

“ఎవడో ఆకతాయి, పొద్దుపోక రాశాడు” అన్నాను నేను.

ఆవిడ మాత్రం “ఫ్యాన్ అండి” అని రాసి పంపింది. మర్నాడు ఇంకోటి: “నిలువుగా ఉంటుంది. తలుపు ఉంది. బట్టలు పెడతారు. పేరు?” బీరువా అంది. ఆ మర్నాడు: “నాలుగు కాళ్ళు. నడవదు. దాని మీద రాస్తారు.” నేను పడీపడీ నవ్వాను. “పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టండి అన్నాడట వెనకటికొకడు” అన్నాను. సూదమ్మ నవ్వలేదు.

“తెలియక అడగట్లేదు అన్నయ్యా. తెలియనివాడైతే దాన్నింత బాగా ఎలా చెబుతాడు? పేరొక్కటే అందట్లేదు” అంది. అని, రూలు పక్కన పెట్టి “మీ ఒంట్లో ఎలా ఉందండీ?” అని రాసింది.

చాలాసేపటికి జవాబొచ్చింది. “తలలో రక్తం. ఆస్పత్రి. లేచాను. నడుస్తాను, తింటాను. పేర్లు పోయాయి. నేను వేలంపాట. జీవితమంతా. ఇళ్ళలో సామాను అంతా నా నోటి మీదే అమ్ముడైంది. ఇప్పుడు ఒక్కటీ రాదు.”

నా నవ్వు ఎక్కడికి పోయిందో పోయింది. పాత కుర్చీని సింహాసనమని చెప్పి అమ్మగలిగిన నోటికి, ఇప్పుడు కుర్చీ అన్న మాటే రావట్లేదు. ఆయన ఇంకో మాట కూడా రాశాడు: “నాకు ఒక్క మాట కావాలి. పెద్దది. ఇప్పుడే అడగను. వెతకడం నేర్పండి. నేనే వెతుక్కుంటాను.”

ఆ ఒక్క మాట ఏమిటో మాకు తెలియదు. కానీ దానికోసమే ఆయన రోజూ కంప్యూటర్ ముందు కూర్చుంటున్నాడని తెలిసిపోయింది. దాన్ని ఎలాగైనా ఆయనకి దక్కేలా చెయ్యాలని సూదమ్మ ఆ రోజే పంతం పట్టింది.

ఎలా నేర్పింది? ఆవిడ తెలివి అక్కడ చూడాలి. “పోయినవి పేర్లే కదండీ, పనులు పోలేదుగా. అది ఏం చేస్తుందో దాంతో మొదలుపెట్టండి” అంది. నిజమే, ఆయన ప్రశ్నల్లో తిరగడం, కోయడం, వేలాడడం అన్నీ భద్రంగా ఉన్నాయి. బొమ్మల నిఘంటువులోకి ఎలా వెళ్ళాలో చెప్పింది. విషయాల పట్టీలో పెద్ద గుంపు నుంచి చిన్న గుంపుకి దిగడం చూపించింది. ముందు ఇల్లు, అందులో వంటగది, అందులో కోసేవి. దిగుతూ దిగుతూ పోతే బొమ్మ కనిపిస్తుంది, బొమ్మ కింద పేరుంటుంది. ఎక్కువొస్తే ఒక మాట కలపండి, ఏమీ రాకపోతే ఒక మాట తీసెయ్యండి. ఇదే రోజూ పాఠం.

పెద్దాయన శ్రద్ధగల శిష్యుడు. కొన్నాళ్ళకి ప్రశ్నల బదులు విజయాలు రావడం మొదలైంది. “ఒకటోసారి! రెండోసారి! మూడోసారి! కత్తెర!” ఇంకో రోజు “ఒకటోసారి! రెండోసారి! మూడోసారి! తాళంచెవి! మీ పాట కొట్టేశాను!” చదివి సూదమ్మ పకపకా నవ్వింది. పక్క బల్లవాణ్ణి, ఆవిడ నవ్వు అంత గట్టిగా ఉంటుందని నాకప్పటిదాకా తెలియదు. ఆవిడ పొద్దున్నే అందరికన్నా ముందు వచ్చి కూర్చోవడం మొదలుపెట్టింది. “పెద్దాయన ఇవాళేం వేలం వేశాడు?” అని నేను ఏడిపించేవాణ్ణి. స్క్రీన్ కేసి చూస్తూ ఒక్కతే అన్నం తినే మనిషి, ఇప్పుడు తింటూ తింటూ ఆయన రాసింది నాకు చదివి వినిపించేది.

ఇన్‌చార్జి మేడమ్ చెడ్డ మనిషి కాదు. ఆవిడకీ పైన అడిగేవాళ్ళున్నారు. ఒక రోజు వచ్చి నిలబడి, “ఒకే పాఠకుడికి రోజూ జవాబులేంటండీ? మనది లైబ్రరీ. ఈ నెలతో ఆయనవి ముగించెయ్యండి. వెతకడం నేర్పారుగా, ఇంక ఆయనే చూసుకుంటారు” అంది.

సూదమ్మ “సరే మేడమ్” అంది. ఆ పూట అన్నం డబ్బా మూత తియ్యలేదు. సాయంత్రం పెద్దాయనకి రాసింది: “మీ పెద్ద మాట ఇప్పుడు అడగండి. ఇంక ఎక్కువ రోజులు నేను జవాబివ్వలేకపోవచ్చు.”

మర్నాడు పొద్దున అది వచ్చింది. ఆయన రాసినవాటిలో అంత పొడుగుది ఎప్పుడూ లేదు. ఎంతసేపు కూర్చుని రాశాడో పాపం.

“అడక్కుండా నీళ్ళు తెస్తుంది. పాట అయి వస్తే గొంతుకి వేడి నీళ్ళు. తక్కువ మాట్లాడుతుంది. ఎక్కువ ఇచ్చి కొంటే తిడుతుంది. లెక్కలు నోటితోనే. నవ్వితే నోటికి చెయ్యి అడ్డం. బట్టలు ఆరేసేటప్పుడు పాడుతుంది, ఎవరైనా చూస్తే ఆపుతుంది. పేరు?”

ఇక్కడే మా సూదమ్మ పప్పులో కాలేసింది. ఇన్నేళ్ళు అదే పనిలో ఉన్న మనిషి కదా, ఆ కళ్ళకి ముందు కనిపించింది ప్రశ్న పొడుగు. ఇంత విశాలంగా అడిగితే ఎక్కడని వెతకడం? “నర్సా అన్నయ్యా? ఆయానా? ఏదైనా వృత్తి పేరు అయ్యుంటుందా?” అని నన్నడిగింది. “పాత నాటకంలో పాత్రేమో” అన్నాను. నాదీ అదే తెలివి. ఆవిడ పద్ధతి ప్రకారం జవాబు రాసింది: “మీ వివరణ చాలా విశాలంగా ఉందండి. ఎవరికైనా సరిపోయే మాటలు తీసెయ్యండి. ఒక్కరికే సరిపోయేవి ఉంచండి.”

చెప్పిన మాట వినే శిష్యుడాయె. తీసేశాడు. నీళ్ళు పోయాయి, లెక్కలు పోయాయి. “గొంతుకి వేడి నీళ్ళు. నవ్వితే నోటికి చెయ్యి అడ్డం. ఆరేసేటప్పుడు పాట. పేరు?”

ఆవిడ మళ్ళీ రాసింది: “ఇంకా కుదించండి.” ఆయన మళ్ళీ కుదించాడు. “నవ్వు. చెయ్యి అడ్డం. పేరు?”

“దగ్గరికి వచ్చాం. ఇది ఏ గుంపు కిందకి వస్తుందో ఆ ఒక్క మాట రాయండి. వృత్తా, కథలో పాత్రా, చుట్టరికమా?”

ఈసారి జవాబు రావడానికి మధ్యాహ్నమైంది.

“నా భార్య. పేరు?”

సూదమ్మ కుర్చీ వెనక్కి తోసి లేచింది. బాత్‌రూమ్ తలుపు వేసుకుంది. వచ్చేసరికి మొహం కడుక్కుని ఉంది గానీ కళ్ళు ఎర్రగానే ఉన్నాయి. “ఆయన నీళ్ళు తీసేస్తుంటే, పాట తీసేస్తుంటే, ఇంకా తియ్యండి ఇంకా తియ్యండి అన్నాను అన్నయ్యా. ఆ మనిషి చేత పెళ్ళాన్ని ఒక్కొక్క ముక్కే తీసేయించాను” అంది.  

ఇంట్లోవాళ్ళని అడగమని ఆవిడ నెమ్మదిగా రాసింది. ఆయన జవాబు నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు. “అడగలేను. కొడుకు మంచివాడు. కోడలు మంచిది. భార్య పేరు మరిచాడు అంటే ఏమనుకుంటారు? ఆవిడ పోయి చాలా రోజులు. నేను ఎప్పుడూ పేరు పెట్టి పిలవలేదు. ‘ఇదిగో’ అనేవాణ్ణి. వీధిలో అందరి సామాను పేరు పెట్టి అరిచాను. ఇంట్లో ‘ఇదిగో’. అందుకే ఆ పేరు నా దగ్గర లేదు.”

ఆ సాయంత్రం మేమిద్దరం మా పాత పత్రికల్లో పడ్డాం. ఆయన పేరు సభ్యత్వం కార్డులో ఉంది. ఆ పేరుతో వెతికితే వేలం ప్రకటనలు బోలెడు. ఆయన పేరు ఇంత లావు అక్షరాల్లో. ఊరి పేరు కలిపాం, ‘మృతి’ కలిపాం, ఫలితాలు తగ్గాయి. చివరికి దొరికింది. స్కాన్ చేసి ముక్కలు తగిలించింది నేనే. ‘ప్రముఖ వేలందారు సతీమణి కన్నుమూత’. కింద భర్త పేరుంది, కొడుకు పేరుంది, కొడుకు చేసే ఉద్యోగం కూడా ఉంది. చచ్చిపోయిన మనిషి పేరు లేదు. ఎవరు పోయారో చెప్పకుండా చావు వార్త రాసినవాణ్ణి ఏమనాలి? నోటికొచ్చింది అన్నాను. సూదమ్మ ఆ నాలుగు వరుసలూ మళ్ళీ చదివింది, ఎక్కడైనా ఇరుక్కుని ఉందేమో అన్నట్టు.

మా రూళ్ళ ప్రకారం పాఠకుల ఇళ్ళకి ఫోన్ చెయ్యకూడదు. ఆవిడ మెట్ల మీదకి వెళ్ళి, కార్డులో ఉన్న నంబరుకి చేసి, స్పీకర్ సన్నగా పెట్టింది. నేను తలుపు దగ్గర కాపలా.

“హలో, లైబ్రరీ నుంచండీ.”

“లైబ్రరీ నుంచా? నేను వాళ్ళ కోడల్ని. మావయ్యగారు పుస్తకం ఏదైనా తిరిగివ్వలేదా అండీ?”

“అబ్బే, అదేం లేదండీ. కార్డులో ఒక వివరం... మీ అత్తగారి పేరు కావాలి.” అబద్ధం ఆడడం కూడా ఒక విద్యే, మా సూదమ్మకి అది బొత్తిగా రాదు.

 ఆ అమ్మాయి గొంతు తగ్గించి అడిగింది: “ఆయనకి గుర్తు రావట్లేదా అండీ?”

“కార్డులో... అదే, వివరం...” అని సూదమ్మ మళ్ళీ మొదలుపెట్టింది. ఆ అమ్మాయికి అర్థమైపోయింది.

“ఆస్పత్రి నుంచి వచ్చాక ఆయన నోట అత్తయ్య మాటే లేదండీ. బాధ కొద్దీ అనుకున్నాం. ఆయన్ని ఎందుకు కష్టపెట్టడం అని మేం కూడా ఆ పేరు ఎత్తడం మానేశాం. పిల్లలకి కూడా చెప్పాను, తాతయ్య ముందు నానమ్మ పేరు అనొద్దని.” ఆ అమ్మాయికి ఏడుపొచ్చేసింది. “మేమే లేకుండా చేశామండీ.”

“మీరు మంచికే చేశారమ్మా. మీకు తెలిసినట్టు మాత్రం ఆయనకి తెలియనివ్వకండి. నాకు చెప్పండి, నేను వెతికి పెట్టినట్టు ఇస్తాను” అంది సూదమ్మ.

ఆ పేరు అమ్మాయి చెప్పింది. సూదమ్మ పైకొచ్చి, జవాబు పెట్టెలో ఆ పేరొక్కటే రాసి పంపింది.

తర్వాత ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఆవిడ ఏ పని చేస్తున్నా ఒక కన్ను ఆయన ప్రశ్నల వరస మీదే. తప్పు పేరు చెప్పానా, ఉన్న బాధని ఎక్కువ చేశానా అని నన్ను పదేపదే అడిగేది. చివరికి వచ్చింది.

“పిలిచాను. పైకి. గట్టిగా. కోడలు లోపలికి వచ్చింది, ఏమీ అడగలేదు, పక్కన కూర్చుంది. మళ్ళీ పిలిచాను. పొద్దున లేచాను, ఉంది. ఇవాళ కూడా ఉంది. మిగతావి పోతున్నాయి, ఇది పోవట్లేదు. వెతకడం వచ్చింది. ఇంక మీకు శ్రమ లేదు.”

‘ప్రశ్న పరిష్కారమైంది’ అన్న బొత్తాం సూదమ్మే నొక్కింది. మేడమ్ వచ్చి మెచ్చుకుంది. మెప్పుతో కడుపు నిండదని ఎవరన్నారో గానీ సరిగ్గానే అన్నారు. ఆవిడ అందరికన్నా ముందు రావడం మానలేదు. వచ్చి, ఆయన నుంచి ఏమీ రాని తెర కేసి చూస్తూ కూర్చునేది. మధ్యాహ్నం డబ్బా విప్పి, నాకు చదివి వినిపించడానికేమీ లేక, తలొంచుకుని తినేది.

“బాగా నేర్పితే ఇదే కష్టం అన్నయ్యా. నేర్చుకున్నవాళ్ళు మళ్ళీ రారు” అంది ఒక రోజు. “సగం సగం నేర్పి ఉంటే బాగుండేదేమో అనిపిస్తోంది. పాపం కదూ అలా అనుకోవడం?”

“పాపం కాదు, ఆకలి” అన్నాను. 

ఇంకొన్నాళ్ళు పోయాక, ఒక పొద్దున ఆవిడ నన్ను పిలిచింది. పిలవడం కూడా కాదు, నా చొక్కా చెయ్యి పట్టుకుని లాగింది. తెర మీద పెద్దాయన ప్రశ్న.

“అన్ని పేర్లూ మీరిచ్చారు. మీ పేరు?”

జవాబు కింద ‘సహాయ విభాగం’ అనే ఉండాలి, అది రూలు. సూదమ్మ చేతులు ఒళ్ళో పెట్టుకుని కాసేపు కూర్చుంది. ఆవిడ పేరు హాజరు పట్టీలో నేను రోజూ చూస్తాను, కానీ ఒకరు ఒకరిని అడిగి తెలుసుకునే సంగతిగా దాన్ని ఎప్పుడూ అనుకోలేదు. ఆవిడ టైపు చేసింది. పంపింది. ఆ రోజంతా ఏదో కూనిరాగం తీస్తూనే ఉంది.

మర్నాడు మళ్ళీ వచ్చింది. “క్షమించండి. నిన్న చెప్పారు. పోయింది. మీ పేరు?” ఆ మర్నాడూ అదే. ఆ మర్నాడూ అదే. మేడమ్ ఒకసారి వెనక నిలబడి చదివింది, ఆపమనకుండా తన గదిలోకి వెళ్ళిపోయింది.

నాకు ఊరికే ఉండడం చేతకాదు. “ఒక కాగితం మీద రాసి కంప్యూటర్ పక్కన అంటించుకోమని చెప్పరాదూ? ఆయనకీ సుఖం, నీకూ సుఖం” అన్నాను. ఎవరికి ఏ దారిన ఏది దొరుకుతుందో చెప్పడమే ఆవిడ ఉద్యోగం. ఈ దారి ఆవిడకి తోచకుండా ఉంటుందా?

“ఇదొక్కటి నేర్పను అన్నయ్యా” అంది.

ఒకే ప్రశ్న రెండోసారి వస్తే మా కంప్యూటర్ కనిపెట్టేస్తుంది. ‘దీనికి ఇంతకుముందే జవాబిచ్చారు. పాత జవాబే పంపమంటారా?’ అని అడుగుతుంది. సూదమ్మ రోజూ పొద్దున ‘వద్దు’ నొక్కి, తన పేరు మొదటి అక్షరం నుంచి మళ్ళీ టైపు చేస్తుంది.